నాన్న కుట్టిన బ్రీచెస్ దాచుకోండి, ఆ టోపీ మాత్రం పాప తలకి వద్దు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నాకు 62 ఏళ్లు. మాది నెల్లూరు పక్కన పల్లె. నేను పుట్టకముందే మా నాన్న మద్రాసు వచ్చి, వడపళనిలో ఒక సినిమా స్టూడియోలో కాస్ట్యూమ్ టైలర్‌గా చేరారు. కత్తియుద్ధాల సినిమాలకు రాజుల బట్టలూ సైనికుల బట్టలూ కుట్టేవారు. షూటింగులకు గుర్రాలు తెచ్చే సాయిబు గారు ఆయనకి స్నేహితుడు. నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి ఆదివారాలు తెల్లారగట్ల బీచ్‌లో, ఇసుక మీద, ఆయనే నాకు స్వారీ నేర్పారు. పైసా తీసుకోలేదు. నా మోజు చూసి నాన్న నాకోసం బ్రీచెస్ కుట్టారు. తొడల దగ్గర బాగా ఉబ్బి, మోకాలి కింద బిగుతుగా ఉంటాయి. మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల కొట్లో నల్ల వెల్వెట్ టోపీ కూడా కొనిపెట్టారు. పదమూడేళ్లకి పెద్దమనిషినయ్యాను. ఆ రోజుతో మా నాయనమ్మ గుర్రం మాన్పించేసింది. 'అంతగా ఎక్కాలంటే కాళ్లు రెండూ ఒక పక్కకి వేసుకుని కూర్చోమను' అంది. నాన్న ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ బ్రీచెస్, టోపీ, సాయిబు గారు ఇచ్చిన పాత కళ్లెం ఒకటి నాన్న గుడ్డలో చుట్టి దాచారు. ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి.

మా మనవరాలికి 11 ఏళ్లు. ఈసీఆర్‌లో ఒక రైడింగ్ స్కూల్లో చేర్చారు. సంతోషం పట్టలేక నా బ్రీచెస్, టోపీ తీసి ఇచ్చాను. బ్రీచెస్ చూసి పాప 'ఏనుగు చెవుల్లా ఉన్నాయి నానమ్మా' అని పకపకా నవ్వింది. టోపీ పెట్టుకుంటే గుర్రం ఎక్కనివ్వనన్నాడు కోచ్. 'అత్తయ్యా, అవి మ్యూజియంలో పెట్టాల్సినవి' అంది మా కోడలు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. నేను నాలుగేళ్లు ఆ టోపీతోనే కదా స్వారీ చేశాను, నాకేం కాలేదే? వీటిని ఏం చేయమంటారు? ఇంకో మాట, అడగడానికి సిగ్గుగా ఉంది. ఈ వయసులో నేను మళ్లీ ఒకసారి గుర్రం ఎక్కడం కుదిరే పనేనా?

పేరు వద్దు, సాలిగ్రామం, చెన్నై

సమాధానం:

అమ్మా, పాప క్లాసులు మొదలైపోయాయి కాబట్టి ముందు టోపీ సంగతి తేల్చేద్దాం. కోచ్ అన్నదే సరైన మాట. గుర్రం ఒక్క అడుగు వేయకుండా నిలబడి ఉన్నా సరే, ఫొటో కోసమైనా సరే, గుర్రం మీద ఉన్న పాప తలకి ఆ టోపీ వద్దు.

ఒకసారి దాన్ని తిరగేసి చూడండి. వెల్వెట్ కింద పలచటి గట్టి పెంకు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో దాన్ని బెండుతోనో, ఫైబర్‌గ్లాసుతోనో, బంక పెట్టి అతికించిన గుడ్డ పొరలతోనో చేసేవారు. లోపల లైనింగు, చుట్టూ చెమట పట్టీ, గడ్డం కింద సన్నటి ఎలాస్టిక్. అంతకుమించి ఏమీ లేదు. కొమ్మలు గీరుకోకుండా, చూడ్డానికి హుందాగా ఉండేందుకు అది చాలేది. తల నేలకి కొట్టుకుంటే ఆ దెబ్బను తీసుకునే పదార్థం అందులో లేదు. ఆ ఎలాస్టిక్ గాలికి టోపీ ఎగిరిపోకుండా ఆపుతుందేమో గానీ, మనిషి పడేటప్పుడు తల కంటే ముందు టోపీయే ఊడిపోతుంది. ముందుండే అంచు చూశారా, అది కూడా పెంకుతో కలిపి గట్టిగా చేసినదే. బోర్లా పడితే ఆ అంచే ముఖానికి గుచ్చుకుంటుంది. ఇప్పుడు వచ్చేవాటిలో అంచు వంగేలాగో, దెబ్బకి విడిపోయేలాగో చేస్తున్నారు.

ఇప్పటి హెల్మెట్‌లో అసలు పని చేసేది లోపలి తెల్ల ఫోమ్. అది మన థర్మోకోల్ జాతిదే, ఇంకా గట్టిగా చేసినది. తల నేలకి తగిలినప్పుడు ఆ ఫోమ్ నలిగిపోతుంది, దెబ్బ జోరు చాలావరకు ఆ నలగడంలోనే అయిపోతుంది. నలిగిన ఫోమ్ మళ్లీ పొంగదు. అందుకే ఒకసారి కింద పడి తల తగిలిన హెల్మెట్‌ను, పైన గీత కూడా కనిపించకపోయినా, మళ్లీ వాడకూడదు. పడకపోయినా దాదాపు 5 ఏళ్లకి మార్చమంటాయి కంపెనీలు, చెమటకీ ఎండకీ లోపలి సరుకు పాడవుతుంది కాబట్టి. మీ టోపీకి 50 ఏళ్లు దాటాయి.

'నాకేం కాలేదే' అన్నారు. నిజమే. మీరు తడి ఇసుక మీద నేర్చుకున్నారు. పక్కన సాయిబు గారున్నారు. మిమ్మల్ని కాపాడింది ఆ ఇసుకా, ఆయన చెయ్యీనూ. టోపీకి ఆ నాలుగేళ్లలో పరీక్షే రాలేదు.

కోచ్ కొత్తగా మీ మీద రూలు పెట్టాడని అనుకోకండి. గుర్రపు స్వారీలో అందరికంటే ఫ్యాషన్‌ని గట్టిగా పట్టుకుని కూర్చున్నది డ్రెసాజ్ వాళ్లు, అంటే గుర్రం చేత చెప్పినట్టు లయగా అడుగులు వేయించే పోటీల వాళ్లు. నల్ల పొడుగు కోటు, సిల్కు టాప్ హ్యాటు లేకుండా పెద్ద పోటీల్లో బరిలోకి దిగడం వాళ్లు ఊహించుకోలేకపోయేవాళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కి చెందిన షార్లెట్ డుజార్డిన్ హెల్మెట్ పెట్టుకుని వచ్చి బంగారు పతకం గెలిచింది. 2021 జనవరి 1 నుంచి అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య పోటీల్లో టాప్ హ్యాటుకి సెలవు ఇచ్చేశారు, అందరూ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. వాళ్లే వదులుకున్నాక మన పాపకి వెల్వెట్ టోపీ ఎందుకు చెప్పండి?

పాపకి హెల్మెట్ కొనేటప్పుడు లోపలి స్టిక్కరు మీద పాస్ 015, వీజీ1, ఏఎస్‌టీఎం ఎఫ్1163, ఈ భద్రతా ప్రమాణాల్లో ఏదో ఒకటి ఉందో లేదో చూడండి. సైకిల్ హెల్మెట్ పనికిరాదు, క్రికెట్‌ది అసలే వద్దు. కనుబొమల పైన రెండు వేళ్ల మందం మాత్రమే ఖాళీ ఉండాలి. పట్టీ పెట్టకముందే తల అటూ ఇటూ ఊపితే కదలకూడదు. జడ మెడ దగ్గర కిందికి వేయండి. ముడి చుట్టి లోపల కుక్కితే హెల్మెట్ పైకి లేచిపోతుంది. క్లిప్పులు, పిన్నులు, పూలు వద్దు. చెన్నై ఎండలకి గాలి రంధ్రాలున్నది తీసుకోండి, లేకపోతే పది నిమిషాలకే పిల్ల తీసేస్తానని గోల పెడుతుంది.

ఇక బ్రీచెస్. దీని గురించి తీరిగ్గా మాట్లాడాలని ఉంది. ఎందుకంటే పాప నవ్విన ఆ ఉబ్బు మీ నాన్నగారి పనితనం. అది వట్టి ఫ్యాషన్ కోసం పెట్టింది కాదు.

గుర్రం మీద కూర్చున్నప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. మోకాలు పైకి వస్తుంది, తొడ బయటికి తెరుచుకుంటుంది, పిరుదుల దగ్గర గుడ్డ లాగుతుంది. ట్రాట్‌లో, అంటే గుర్రం చిన్న పరుగు తీస్తుంటే, లేచి కూర్చునేటప్పుడు ఆ లాగుడు ప్రతి అడుగుకీ ఉంటుంది. ఇప్పటి ప్యాంట్లు సాగుతాయి, కాబట్టి బాధ లేదు. ఆ రోజుల్లో స్వారీకి వాడిన ట్విల్, విప్‌కార్డ్, గ్యాబర్డిన్, కార్డురాయ్ ఇవేవీ సాగవు. సాగని గుడ్డతో సాగే పని చేయించాలంటే ఒకటే దారి, తొడల దగ్గర గుడ్డ ఎక్కువ వదలాలి. కానీ మోకాలి కింద మాత్రం వదులుండకూడదు. అక్కడ ముడత పడితే జీనుకీ కాలికీ మధ్య నలిగి చర్మం ఒలిచేస్తుంది. పైన వదులు, కింద బిగుతు. చుడీదార్ ఎరిగిన మన దేశపు టైలర్లకి ఇది కొత్తేమీ కాదు. జోధ్‌పూర్ వాళ్లు పోలో ఆటకి వాడింది ఈ కోతే. జోధ్‌పూర్ సర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకి లండన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు ఈ ప్యాంటు చూసి ముచ్చటపడి కుట్టించుకోవడం మొదలుపెట్టారని చెబుతారు. ఇంగ్లిష్ దొరల దుస్తులని మనం సినిమాల్లో చూసినది ఇక్కడినుంచి వెళ్లిన కోతే.

మరి ఆ ఉబ్బు ఎటు పోయింది? 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ సాగే దారం తయారుచేశాడు, అదే లైక్రా. తర్వాత సాగే గుడ్డలు స్వారీ బట్టల్లోకి వచ్చాయి. గుడ్డే సాగుతుంటే ఇక తొడల దగ్గర వదలాల్సిన పని లేదు. మీ నాన్న మీకు కుట్టేనాటికి బయటి దేశాల్లో ఈ మార్పు వచ్చేస్తోంది. వడపళనిలో ఆయన చేతికి అందింది సాగని గుడ్డ, రాజుల సినిమాల కోత. ఆ రెండింటితో ఆయన చేయగలిగినంత మంచి పని చేశారు.

ఎంత మంచి పనో మీరే చూడండి. బ్రీచెస్ బయటికి తీసి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని, లోపలి పక్క తిప్పి పట్టుకోండి. మామూలు ప్యాంటుకి కాలు లోపలి పక్కన తిన్నగా కుట్టు ఉంటుంది. స్వారీ బ్రీచెస్‌కి మోకాలి లోపలి పక్క, జీనుకి ఆనుకునే చోట, కుట్టు ఉండకూడదు. తెలిసిన టైలర్ దాన్ని ముందుకో వెనక్కో జరిపేస్తాడు, లేదా పైన స్వేడ్ తోలు ముక్క వేసి కప్పేస్తాడు. ఆ ముక్క అంచులు వేలితో తడిమితే గడ్డలా తగలకూడదు, గుడ్డతో సమంగా ఉండాలి. పిక్క దగ్గర గుండీలో లేసో ఉంటే, అవి ముందుండే ఎముక మీద కాకుండా కాస్త పక్కన పడ్డాయేమో చూడండి. సినిమా కోసమే కుట్టిన బ్రీచెస్‌కి ఇవన్నీ అక్కర్లేదు, కెమెరాకి కుట్టు కనిపించదు. మీ దాంట్లో ఇవి ఉంటే మాత్రం, ఆయన ఎవరైనా స్వారీ చేసేవాళ్లని అడిగి, తన కూతురి కాలు ఒరుసుకోకూడదని ఆలోచించి కుట్టారన్నమాట. పాపకి ఆ కుట్టు చూపించండి. ఉబ్బు ఎందుకో చెప్పి, నేల మీద గొంతుక్కూర్చోబెట్టి, మామూలు కాటన్ ప్యాంటుతో ఒకసారి, దీనితో ఒకసారి చూడమనండి. పదకొండేళ్ల పిల్లకి అర్థం కాని విషయమేమీ కాదు ఇది. నవ్వింది కదా అని మీరు చిన్నబుచ్చుకోవద్దు. చూడని ఆకారం చూస్తే పిల్లలు నవ్వుతారు.

పాప వేసుకుంటానంటే ఒక్క క్లాసుకి, కోచ్ తాడు పట్టి నడిపించే రోజున, వేసుకోనివ్వండి. అంతకుముందు పిరుదుల దగ్గర కుట్టు రెండు చేతులా మెల్లిగా లాగి చూడండి. 50 ఏళ్ల దారం పుచ్చిపోయి ఉండొచ్చు. పుటుక్కుమంటే వేయకండి. వేసుకోనంటే బలవంతం వద్దు. రోజువారీ క్లాసులకి సాగే రైడింగ్ ప్యాంటే మంచిది. కాళ్లకి మడమ ఉన్న బూట్లు ఉండాలి, సుమారు రెండున్నర సెంటీమీటర్లు. మడమ లేని కాన్వాసు బూటు రికాబులోంచి ముందుకి జారిపోతుంది. పడినప్పుడు పాదం ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదం అలాగే వస్తుంది.

అలాంటి పాత బట్టల్లో చాలావాటికి ఇలాంటి కారణమే ఉంది. మీ నాన్న సైనికుల వేషాలకి కాళ్ల పట్టీలు కూడా చేసే ఉంటారు, మోకాలి నుంచి చీలమండ దాకా చుట్టే ఊలు పట్టీలు. గుర్రపు దళం వాళ్లు పైనుంచి చుట్టుకుంటూ వచ్చి చీలమండ దగ్గర ముగించేవారు, కాలిబంట్లు కింది నుంచి పైకి చుట్టేవారు. మెడకి చుట్టుకునే పొడుగాటి తెల్ల గుడ్డ, దాన్ని పట్టి ఉంచే పిన్ను, పడినప్పుడు కట్టు కట్టుకోవడానికి పనికొచ్చేవి. పోయినవి కొన్ని మంచికే పోయాయి. మద్రాసు మే నెలలో ఊలు పట్టీలు కట్టుకుని కవాతు చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది.

మీ నాయనమ్మ గారి మాట దగ్గరికి వస్తాను. కాళ్లు రెండూ ఒక పక్కకి వేసుకుని కూర్చోమన్నారామె, చీర కట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నట్టుగా అయి ఉంటుంది ఆమె మనసులో. ఆడవాళ్లు అలా స్వారీ చేసిన కాలం ఉంది. కానీ దానికి వేరే జీను ఉండేది. కుడి తొడ ఆనించడానికి పైన ఒక కొమ్ము, ఎడమ తొడ బిగించడానికి కింద ఇంకో కొమ్ము. ఆ రెండో కొమ్ము 1830ల ప్రాంతంలో వచ్చాకనే అలా కూర్చుని దూకడం, దౌడు తీయడం కుదిరింది. మామూలు జీను మీద అలా కూర్చుంటే గుర్రం ఒక్కసారి పక్కకి తప్పుకున్నా వెల్లకిలా పడిపోతారు. మీరు ఆ మాట వినకుండా గుర్రమే మానేయడం ఆ లెక్కన మేలు. కానీ మానేయాల్సిన అవసరమే లేదు, అదే నా బాధ.

పెద్దమనిషి అయిన పిల్ల గుర్రం ఎక్కకూడదు, సైకిల్ తొక్కకూడదు అని ఎన్ని ఇళ్లలో అన్నారో. కన్నెరికం పోతుందని, పిల్లలు పుట్టరని భయపెట్టేవారు. వైద్యంలో దానికి ఏ ఆధారమూ లేదు. మన దగ్గరే కాదు, 1952 దాకా ఒలింపిక్స్ డ్రెసాజ్‌లోనూ ఆడవాళ్లకి చోటు లేదు. ఆ ఏడాది హెల్సింకీలో మొదటిసారి డ్రెసాజ్‌లో ఆడవాళ్లని రానిచ్చారు. డెన్మార్క్ నుంచి వచ్చిన లిస్ హార్టెల్ వెండి పతకం గెలిచింది. పోలియో వల్ల ఆమెకి మోకాళ్ల కింద కాళ్లు పనిచేయవు, ఎవరైనా ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాల్సి వచ్చేది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశం డ్రెసాజ్ జట్టు పోటీలో బంగారు పతకం తెచ్చుకుంది. నలుగురున్న ఆ జట్టులో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఇద్దరూ ఆడపిల్లలే. 41 ఏళ్ల తర్వాత గుర్రపు స్వారీలో వచ్చిన బంగారం అది. ఈ కబురు పాపకి చెప్పండి.

నాన్న ఎదురు చెప్పలేదని రాశారు. ఆ వాక్యం నేను చాలాసేపు చూశాను. నాకు తోచింది చెబుతాను. టైలర్ ఇంట్లో మంచి గుడ్డ ఊరికే పడి ఉండదు. బాగున్న గుడ్డ ఇంకొకరికి లాగూ అవుతుంది, సంచీ అవుతుంది. మీ బ్రీచెస్‌ని ఆయన విప్పలేదు, ఇంకో పిల్లకి ఇవ్వలేదు, గుడ్డలో చుట్టి దాచారు. తల్లికి ఎదురు చెప్పలేని మనిషి చేయగలిగింది చేశారని నేననుకుంటాను. ఆయన మీద కోపం ఏదైనా మిగిలి ఉంటే ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంకో మాట సూటిగా చెబుతాను, ఏమనుకోకండి. మధ్యలో ఆగిపోయింది మీ స్వారీ. పాపది ఇప్పుడే మొదలవుతోంది. మీ టోపీ, మీ బ్రీచెస్ ఆ పిల్లకి తొడిగితే మీది పూర్తయినట్టు అనిపిస్తుంది గానీ, అలా పూర్తి కాదు. ఆ పిల్ల రేపు స్వారీ మానేసి బ్యాడ్మింటన్ ఆడతానంటే మీకు రెండోసారి మాన్పించినట్టు ఉంటుంది, ఆ బరువు పిల్ల మీద పడుతుంది. మీ కోరికకి మీరే గుర్రం ఎక్కాలి.

కుదిరే పనే. 62 పెద్ద వయసేమీ కాదు. కానీ పద్ధతిగా చేయాలి. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ చేయించుకోండి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లకి ఎముకలు పలచబడతాయి, అదే మీకు అసలు ప్రమాదం. నడుము, తుంటి, మోకాళ్లలో నొప్పి ఉంటే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్ సరేననేదాకా ఆగండి. సరేనంటే ఒక నెల రోజులు ఇంట్లో తొడల లోపలి కండలు సాగదీసే వ్యాయామం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేయండి.

మళ్లీ ఎక్కడం బీచ్‌లో మాత్రం వద్దు. బెసెంట్ నగర్‌లోనో మెరీనాలోనో ఎక్కాలని మీకు మనసు లాగుతుందని తెలుసు. అక్కడ హెల్మెట్ ఉండదు, జనం మధ్యలో గాలిపటాలు, బంతులు. పాప వెళ్లే స్కూల్లోనే, పెద్దవాళ్లకి నేర్పే కోచ్‌ని అడగండి. వయసెంతో, ఎన్నేళ్లయిందో దాచకుండా చెప్పండి. పొద్దున్న ఎండెక్కకముందు, మూసి ఉన్న అరేనాలో, వయసు మళ్లిన నెమ్మదైన గుర్రం కావాలని అడగండి. నేల మీంచి ఎక్కకండి, ఎక్కే దిమ్మె అడగండి. మీ మోకాలికీ మంచిది, గుర్రం వీపుకీ మంచిది. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది, అంటే 400 కిలోల గుర్రానికి 80 కిలోలు. చున్నీ, గాజులు, ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లండి.

స్కూలు మంచిదో కాదో మీ కళ్లకే తెలుస్తుంది. లాయంలో నీళ్లు నిండి ఉన్నాయా, నీడ ఉందా, జీను తంగు (పొట్ట కింద బిగించే పట్టీ) కింద పుండ్లున్నాయా, పక్కటెముకలు తేలి కనిపిస్తున్నాయా చూడండి. సాయిబు గారి శిష్యురాలికి నేను చెప్పాలా! ఆయన ఇచ్చిన కళ్లెం ఉందన్నారు కదా, దాని నోటి ఇనుముకి ముళ్లు ఉన్నాయేమో చూడండి. ముళ్ల కళ్లేలు ఆ రోజుల్లో చాలామంది వాడేవారు. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలు వాటిని నిషేధించాయి. అయినా అక్కడక్కడ ఇంకా కనిపిస్తుంటాయి. ముళ్లు ఉంటే దాన్ని ఏ గుర్రానికీ పెట్టనివ్వకండి, గోడకి తగిలించుకోండి చాలు. లేకపోయినా పాతబడ్డ తోలు తెగిపోతుంది కాబట్టి వాడొద్దు.

పాపకి మీరు ఇవ్వగలిగినవి బీరువా బయట బోలెడున్నాయి. బెల్లం ముక్క పెట్టేటప్పుడు అరచెయ్యి చదునుగా చాపాలని, తంగు బిగించేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుందని, నాలుగడుగులు నడిపించాక మళ్లీ బిగించి చూసుకోవాలని, గిట్టలు శుభ్రం చేసేటప్పుడు మడమ వైపు నుంచి కొస వైపుకి గీయాలని, చెవులు వెనక్కి పడుకోబెడితే దగ్గరికి పోకూడదని. ఇవి 1972లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అంతే. క్లాసులో ఇరవై మంది పిల్లలున్న కోచ్‌కి ఇవన్నీ చెప్పే తీరిక ఉండదు.

ఇక దాచడం. చెన్నై గాలికి వెల్వెట్, ఊలు బూజు పడతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గంజి లేకుండా ఉతికి బాగా ఆరబెట్టిన తెల్ల పంచెలో చుట్టండి. టోపీ లోపల మెత్తటి గుడ్డ కుక్కండి, ఆకారం చెడదు. వెల్వెట్‌ని ఇస్త్రీ చేయకండి, మెత్తటి బ్రష్‌తో దువ్వండి. స్వేడ్ ముక్కలకి నూనె పూయకండి, గట్టిపడతాయి. బ్రీచెస్ మడతలు కొన్ని నెలలకోసారి మార్చండి, ఒకేచోట మడిస్తే గుడ్డ అక్కడే చీలుతుంది. వానాకాలం పోయాక నీడలో ఒక పూట గాలికి ఆరేయండి. ఒక తెల్ల టేపు ముక్క మీద నాన్నగారి పేరు, ఊరు, కుట్టిన సంవత్సరం చెరిగిపోని ఇంకుతో రాసి నడుం పట్టీ లోపల కుట్టండి. టోపీ లోపల కూడా ఒక ముక్క పెట్టి 'ఇది స్వారీకి కాదు' అని రాయండి, రేపు ఇంకెవరైనా తెలియక పెట్టుకోకుండా. మీ కోడలు మ్యూజియం అన్నది కదా, ఈ పని ఆమెతో కలిసి చేయండి. నాన్న సంగతి, నాయనమ్మ సంగతి ఆమెకి ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనిపించింది నాకు. తెలియని మనిషికి అది పాత ప్యాంటే.

గుర్రం ఎక్కిన మొదటి రోజు నడకతోనే ఆపండి, అరగంట చాలు. కోచ్ తాడు పట్టుకునే ఉండాలి. మీ ఒళ్లు చాలావరకు గుర్తుపడుతుంది, మడమ దించడం, కళ్లేన్ని చిటికెనవేలు మీంచి పోనివ్వడం చేతులకి తెలుసు. కండలకి మాత్రం తెలియదు. దిగగానే కాళ్లు వణుకుతాయి, దిమ్మె పట్టుకుని కాసేపు నిలబడండి. మర్నాడు తొడల లోపలి పక్క బాగా పట్టేస్తుంది, మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది. వేడినీళ్ల స్నానం చేసి, మెల్లగా నడవండి. నొప్పి పూర్తిగా తగ్గాకే రెండో క్లాసుకి వెళ్లండి, ట్రాట్ సంగతి కనీసం నాలుగు క్లాసుల తర్వాత కోచ్‌తో మాట్లాడండి.